తలుపు వెనక బొగ్గు గీతలు

లోవమ్మ ఎడమ కాలిని పందొమ్మిదేళ్ళుగా లోవమ్మ తప్ప ఇంకెవరూ ముట్టుకోలేదు. కట్టుకున్న వెంకన్న మంచివాడే. నొప్పిగా ఉందంటే వేణ్ణీళ్ళు కాచి తెచ్చి పక్కన పెట్టేవాడు గానీ చెయ్యి మాత్రం వేసేవాడు కాదు. ఆసుపత్రిలో డాక్టరుగారు బల్లకి అవతల నుంచే చూసి చీటీ రాసిచ్చేవారు. చీర కుచ్చిళ్ళు నేలకి జీరాడేలా కట్టుకోవడం, పదిమందిలో కూర్చోవలసి వస్తే ఆ బోదకాలిని పీట వెనక్కి తోసేసుకోవడం ఆవిడకి పాతికేళ్ళ వయసు నుంచీ అలవాటైపోయింది.

అలాంటిది, తొంభై ఎనిమిది జనవరిలో ఒక మధ్యాహ్నం, భుజానికి గుడ్డసంచీ తగిలించుకుని వచ్చిన ఒక అమ్మాయి అరుగు కింద చతికిలబడి, "ఏదండీ పిన్నిగారూ, ఇలా పెట్టండి" అంటూ ఆ కాలిని తీసి తన ఒళ్ళో పెట్టేసుకుంది. వేళ్ళ సందులు ఒక్కొక్కటీ విడదీసి చూసింది. లోవమ్మ కాలు వెనక్కి లాక్కోబోయింది. ఆ పిల్ల వదల్లేదు.

"అయ్యో, మీ బట్టలు పాడైపోతాయండి."

"ఉతుక్కుంటాలెండి" అంది ఆ పిల్ల, తల ఎత్తకుండానే.

లోవమ్మ మొహం గోడవైపు తిప్పుకుంది. కళ్ళనిండా నీళ్ళు తిరిగేయి. కట్టెల పొగ అనుకుంటారులే అనుకుందామంటే పొయ్యి ఇంకా వెలిగించనే లేదు.

అత్తగారు పెద్దింట్లమ్మ అరుగు మీద కూర్చుని ఇదంతా చూస్తోంది. డెబ్బై అయిదేళ్ళు దాటినా ఆవిడ నోటికి మాత్రం వయసు రాలేదు.

"ఏమ్మా డాక్టరమ్మా, సూదులేమన్నా తెచ్చేవా?"

"నేను డాక్టర్ని కాదండి మామ్మగారూ. విశాఖపట్నంలో యూనివర్సిటీలో చదువుకుంటున్నానండి."

"ఇంత వయసొచ్చినా ఇంకా చదువేనా? ఎన్నిసార్లు తప్పేవేంటి?"

ఆ పిల్ల నవ్వేసింది. "తప్పలేదండి. ఇది పరిశోధన చదువండి. ఎవరికీ తెలియనిది ఏదన్నా తెలుసుకుంటేనే పాసైనట్టు."

"ఎవరి అమ్మాయివి?"

"రాజోలు దగ్గరండి. కృపారావు మాస్టారి అమ్మాయిని. నా పేరు సువార్త."

పేరు వినగానే ముసలావిడ కాస్త సర్దుకుని కూర్చుంది. మంచినీళ్ళు ఇప్పించింది గానీ అరుగు దగ్గరికే ఇప్పించింది. లోపలికి రమ్మనలేదు. సువార్త కూడా గడప వైపు చూడలేదు. ఎక్కడిదాకా వెళ్ళాలో ఆ పిల్లకి ఎవరూ చెప్పనక్కర్లేకుండానే తెలిసినట్టుంది.

ఆత్రేయపురం పక్కన, కాలువగట్టు మీది ఊరు అది. ఆ చుట్టుపక్కల ఆడవాళ్ళలో చాలామందికి లాగే లోవమ్మకీ పూతరేకులు తియ్యడమే బతుకుతెరువు. బోర్లించిన కుండ కింద కొబ్బరాకు మంట పెట్టి, పల్చటి నూలుగుడ్డని బియ్యప్పిండి నీళ్ళలో ముంచి, రెండు కొసలూ పట్టుకుని కాలిన కుండ మీదుగా ఒక్క లాగు లాగితే ఉల్లిపొర లాంటి రేకు లేస్తుంది. లోవమ్మ తీసిన రేకులోంచి చూస్తే అవతలివాళ్ళ మొహం కనిపించేది. అయితే కాలు జ్వరం వచ్చిందంటే మూడు నాలుగు రోజులు కుండ ముందు కూర్చోవడం ఆవిడ వల్ల కాదు. ఒళ్ళంతా వణుకు, గజ్జల్లో బిళ్ళలు కట్టడం, కాలు నిప్పుకణికలా ఎర్రబడటం. జ్వరం తగ్గినా కాలు మాత్రం మునుపటంత కాదు. ప్రతి జ్వరానికీ పిసరంత లావెక్కి అక్కడే ఉండిపోయేది. ఇంకొన్నాళ్ళు ఇలాగే జ్వరాలొస్తే కుండ ముందు కాలు మడవడమే కుదరదని లోవమ్మకి తెలుసు. ఆ భయం ఎవరికీ చెప్పుకోలేదు.

సువార్త చూడవచ్చింది ఆ జ్వరం సంగతే. బోదకాలున్నవాళ్ళకి మాటిమాటికీ జ్వరం ఎందుకొస్తోంది, ఇంట్లో ఉండే వస్తువులతోనే దాన్ని ఆపడానికి వీలవుతుందా అని. అయిదారు ఊళ్ళలో నలభైమంది ఆడవాళ్ళని ఎంచుకుంది.

"ఎందుకొస్తుందేంటి?" అంది పెద్దింట్లమ్మ. "అమావాస్యకీ పున్నానికీ వస్తుంది. సముద్రానికి పోటొచ్చినట్టే. మా అమ్మకీ అంతే, మా అమ్మమ్మకీ అంతే. దీనికి విశాఖపట్నం నుంచి రావాలా?"

"అయ్యుండొచ్చండి. నాకు తెలీదు. రాసి చూద్దాం."

చదువుకున్నపిల్ల నోటివెంట తెలీదన్న మాట వినడం పెద్దింట్లమ్మకి అదే మొదలు. వక్కాకు నమలడం ఆపి ఆ పిల్లని ఎగాదిగా చూసింది.

ఆ మొదటి ఏడాదంతా మందూ లేదు, మాకూ లేదు. తిథులన్నీ వేసివున్న గోడ కాలెండరు ఒకటి, ఎర్ర పెన్సిలు ఒకటి ఇచ్చింది సువార్త. జ్వరం మొదలైన రోజు చుట్టూ సున్నా చుట్టాలి, అంతే. ప్రతి నెలా మొదటి శనివారం కొత్తపేట నుంచి బస్సులో వచ్చి, ఆ సున్నాలు తన పుస్తకంలోకి ఎక్కించుకుని, కాలు చూసి వెళ్ళేది. ఏడాది తిరిగేసరికి లోవమ్మ కాలెండరు మీద తొమ్మిది సున్నాలు తేలేయి. వాటిలో అమావాస్యనాడు పడింది ఒక్కటే. పున్నమినాడు ఒక్కటీ లేదు. ఎక్కువభాగం కాలువలకి నీళ్ళు వదిలేక, వానల్లోనే.

సువార్త అరుగు కింద నిలబడి ఆ సంగతి చెబితే పెద్దింట్లమ్మ ఒప్పుకోలేదు.

"కాలెండర్లు అచ్చేసేవాళ్ళకి తిథులు తెలిసి ఏడిస్తేగా. ఇదిగో, పై సంవత్సరం నేను చూసుకుంటాను. నీ చదువు గొప్పదో, మా అమ్మ మాట గొప్పదో."

"ఆయ్, అలాగే చూడండి మామ్మగారూ."

రెండో ఏడాది సబ్బు ఇచ్చింది. రోజుకి రెండుసార్లు కాలు సబ్బుతో శుభ్రంగా కడుక్కోవాలి, తుడుచుకోవాలి, పడుకునేటప్పుడు దిండు మీద ఎత్తు పెట్టుకోవాలి. వేళ్ళ మధ్య చర్మం చిట్లితే అక్కడినుంచే క్రిములు లోపలికి పోయి జ్వరం తెస్తున్నాయేమోనని సువార్త అనుమానం. "చూడాలండి" అనేది, ప్రతి మాట చివరా.

లోవమ్మ రెండుసార్లు కాదు, నాలుగుసార్లు కడిగింది. తన కాలిని ఒళ్ళో పెట్టుకున్న పిల్ల కోసం ఆ మాత్రం చెయ్యలేనా అనుకుంది. జనవరి, ఫిబ్రవరి జ్వరం లేకుండానే గడిచేయి. ఆ ఫిబ్రవరి కాలెండరు కాయితం చూసినప్పుడు సువార్త మొహం చూడాలి. ఎండలో కందిపోయిన మొహం కాస్తా విచ్చుకుంది. "ఒక్కటి కూడా లేదా పిన్నిగారూ?" అని రెండు చేతులూ పట్టుకుంది. ఆ సంతోషం లోవమ్మకి పండగలా అనిపించింది. తన బతుకులో ఒక చదువుకున్న మనిషికి అంత ఆనందం ఇచ్చింది ఎప్పుడు గనక.

మార్చిలో ఒకసారి జ్వరమొస్తే నిజాయితీగానే సున్నా చుట్టింది. సువార్త "ఫర్వాలేదండి" అంది. కానీ ఆ మొహంలో ఏదో దీపం కొండెక్కినట్టయింది. కొసరి కొసరి పెట్టిన పూతరేకు కూడా సగమే తిని లేచిపోయింది.

ఆషాఢంలో కాలువలకి నీళ్ళొచ్చేయి. వారం తిరక్కుండా లోవమ్మకి చలిజ్వరం ముంచుకొచ్చింది. మూడో రోజు లేచి కూర్చుని, ఎర్ర పెన్సిలు తీసుకుని కాలెండరు దగ్గరికి వెళ్ళింది. వెళ్ళి నిలబడింది. రాజోలు పిల్ల, ఎండనక వాననక వస్తోంది. కన్నతల్లి పట్టుకోని కాలు పట్టుకుంది. ఈ సున్నా చూస్తే మళ్ళీ ఆ మొహం చిన్నబోతుంది. ఒక్క సున్నా, అంతేగా. పెన్సిలు మేకుకి తగిలించి వచ్చేసింది.

మొదటిసారే కష్టం. తరవాత శ్రావణంలో రెండుసార్లు వచ్చింది, భాద్రపదంలో ఇంకోసారి. ఏదీ కాలెండరెక్కలేదు. వచ్చిన ప్రతి శనివారమూ సువార్త మొహం విచ్చుకుంటూనే ఉంది.

ఎదురింటి మంగాయమ్మగారిదీ ఆ నలభైమందిలో పేరు. పదెకరాల కొబ్బరితోట ఆసామి భార్య. బోదకాలుందని బయటివాళ్ళకి తెలియకూడదని పెళ్ళిళ్ళకి కూడా వెళ్ళడం మానేసిన మనిషి. ఒకరోజు రేకుల కోసం వచ్చినప్పుడు లోవమ్మ ఊరుకోలేక అడిగింది.

"మీకు జ్వరాలు తగ్గేయాండి?"

మంగాయమ్మగారు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించేరు. "మొన్న వినాయకచవితికి పత్రి కూడా కొయ్యలేకపోయేనే. అయినా రాయలేదులే. పాపం, ఆ పిల్ల అంత దూరం నుంచి వస్తోంది. మనకి మంచి చెయ్యాలని వచ్చినదానికి మొహమ్మీదే 'నీ సబ్బు పనిచెయ్యట్లేదు' అని చెప్తావా? మర్యాదగా ఉంటుందా?"

"ఉండదండి" అంది లోవమ్మ. మనసు తేలికపడాలి, పడలేదు.

సెప్టెంబరు చివర సువార్తతో కూడా ఆవిడ ప్రొఫెసరుగారు వచ్చేరు. నెరిసిన జుట్టు, నిదానమైన మనిషి. అరుగు మీద కూర్చుని లోవమ్మ కాలెండరు మొదటి కాయితం నుంచీ తిప్పి చూసేరు.

"చాలా సంతోషమమ్మా. మిగతా ఊళ్ళలో కూడా ఇలాగే ఉంది. గురువారం కాకినాడలో కలెక్టరుగారి దగ్గర మీటింగుంది. ఇది చెప్తాం. వాళ్ళు ఒప్పుకుంటే జిల్లా అంతా బోదకాలున్న ప్రతి మనిషికీ ఇలాగే చెయ్యమని చెప్పిస్తారు. మీరు రాసిన ఈ సున్నాలే సాక్ష్యం."

లోవమ్మ సువార్త వైపు చూసింది. ఆ పిల్ల మొహం వెలిగిపోతోంది. ప్రొఫెసరుగారి ముందు నోరు రాలేదు. వాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడింది.

లోపలికి రాగానే పెద్దింట్లమ్మ అందుకుంది.

"ఏవే, ఆషాఢం నుంచి నీకు జ్వరమే రాలేదా? మరి కుండ ముందు కూర్చుని రేకులు తీసిందెవరు, నీ మేనత్తా?"

"ఊరుకోండి అత్తయ్యా."

"నేనెందుకు ఊరుకోవాలి? నేను తీస్తే అది రేకు కాదు అట్టు అని కొట్టువాడు తిరగ్గొట్టేడు. ఆ అవమానం నేను పడ్డాను. ఇటు రా."

వంటింటి తలుపు మూసి దాని వెనక గోడ చూపించింది. సున్నం గోడ మీద, పొయ్యిలోని బొగ్గుతో గీసిన గీతలు. నల్లగా పూడ్చిన చుక్క అమావాస్య. ఖాళీ చుక్క పున్నమి. వాటి మధ్యన రోజుకో చిన్న గీత. జ్వరం మొదలైన రోజున గీత మీద అడ్డంగా ఇంకో గీత. జనవరి నుంచి ఆ పూట దాకా ఒక్క రోజు తప్పలేదు. అక్షరం ముక్క రాని మనిషి, విశాఖపట్నం చదువుని ఓడించాలన్న పట్టుదలతో తొమ్మిది నెలలపాటు గోడ మీద పంచాంగం రాసింది.

లోవమ్మ అడ్డగీతలు లెక్కపెట్టింది. అయిదు. కాలెండరు మీద ఉన్నది ఒకటి.

"దీనిలో కూడా అమావాస్యకి ఒక్కటీ పళ్ళేదు" అంది పెద్దింట్లమ్మ గుర్రుగా. "మా అమ్మ మాట తప్పయింది. అయినా ఉన్నదున్నట్టే గీసేనా లేదా? నీకేవొచ్చింది అబద్ధమాడ్డానికి?"

"ఆ పిల్ల బాధపడుతుందని."

"ఓసి పిచ్చిదానా. దారి తప్పినవాడు అడిగితే, బాధపడతాడని 'తిన్నగా పదండి బాబూ' అంటావా?"

ఆ మాట లోవమ్మకి సూటిగా తగిలింది. జిల్లా అంతా, ప్రతి మనిషికీ అన్నారు ఆయన. ఎక్కడో అల్లవరంలోనో అంతర్వేదిలోనో తనలాంటిదొకతె నాలుగుసార్లు కాలు కడుక్కుని, మళ్ళీ జ్వరమొస్తే తప్పు తనదే అనుకుని కూర్చుంటుంది. అలాంటి మనిషిని తలుచుకుంటే లోవమ్మకి తన మొహమే కనిపించింది.

మంగళవారం పొద్దున్నే పిండి రుబ్బడం మానేసి కొత్తపేట బస్సెక్కింది. ఆరేళ్ళయింది బస్సెక్కి. మెట్టెక్కేటప్పుడు కుచ్చిళ్ళు పైకెత్తక తప్పలేదు. వెనక నిలబడ్డ మనిషి కాలు చూసేడు. చూస్తే చూసేడు అనుకుంది.

సువార్త అద్దెకున్న గది బస్టాండు వెనకే. తలుపు తియ్యగానే, "అయ్యో, పిన్నిగారూ, మీరొచ్చేరేంటండి! కబురు చేస్తే నేనే వచ్చేదాన్ని కదా" అంటూ కుర్చీ లాగింది. లోవమ్మ కూర్చోలేదు.

"నేను అబద్ధం రాసేనండి అమ్మాయిగారూ."

చెప్పేసింది. ఆషాఢం నుంచి అన్నీ. మంగాయమ్మగారి పేరు చెప్పలేదు గానీ, "నేనొక్కదాన్నే కాదేమోనండి" అంది.

సువార్త మంచం అంచు మీద కూర్చుండిపోయింది. బల్ల మీద గురువారానికి సిద్ధం చేసిన కాయితాలు, గీసిన పటాలు దొంతరగా ఉన్నాయి. చెయ్యి చాచి వాటిని బోర్లా తిప్పేసింది. తిడుతుందనుకుంది లోవమ్మ. తిట్టినా బాగుండునని కూడా అనుకుంది.

"ఎందుకండీ పిన్నిగారూ?"

"మీరు సంతోషపడతారని. మార్చిలో సున్నా చుట్టేనే, ఆ రోజు మీరు రేకు కూడా సగమే తిన్నారు."

సువార్త రెండు చేతుల్తో మొహం కప్పుకుంది. ఏడుస్తోందనుకుని లోవమ్మ కంగారుపడింది. తీరా చేతులు తీసేసరికి ఏడుపూ ఉంది, నవ్వూ ఉంది.

"తప్పు మీది కాదండి. నా మొహానిది. నలభైమందినీ నా మొహం చూసి రాయమన్నట్టయింది." కళ్ళు తుడుచుకుని లేచింది. "నిజమైన తారీకులు మీకేమన్నా గుర్తున్నాయా?"

"మా అత్తగారికి ఉన్నాయండి. గోడ మీద."

ఇద్దరూ లోవమ్మ ఊరికి వెళ్ళేదారిలో ఎస్టీడీ బూతు దగ్గర ఆగి సువార్త ప్రొఫెసరుగారికి ఫోను చేసింది. అద్దం తలుపు అవతల ఏం మాట్లాడిందో లోవమ్మకి వినపడలేదు. బయటికొచ్చేక మాత్రం, "గురువారం ఆయన వెళ్తారండి. మా లెక్క ఇంకా తేలలేదని చెప్పి వచ్చేస్తారు" అంది. మరో ఏడాది పడుతుందట. అప్పటికి ఆ పిల్ల తోటివాళ్ళందరూ ఉద్యోగాల్లో చేరిపోతారు. ఆ ముక్క మాత్రం తరవాతెప్పుడో తెలిసింది లోవమ్మకి.

పెద్దింట్లమ్మ అరుగు మీదే ఉంది. సువార్త ఎప్పటిలాగే అరుగు కింద ఆగింది.

"మామ్మగారూ, మీరు గీతలు గీసేరటండి. ఎలా ఉన్నాయో చెప్తే రాసుకుంటాను."

ముసలావిడ వక్కాకు ఉమ్మేసి వచ్చింది. లోవమ్మ వైపు చూసింది, వీధి వైపు చూసింది.

"గోడ నడిచి రాదు కదా" అంది. "నువ్వే రా."

సువార్త చెప్పులు విప్పి, గడప దాటి, నడవ దాటి, వంటింట్లోకి వెళ్ళింది. పెద్దింట్లమ్మ తనే తలుపు మూసి గోడ చూపించింది. సువార్త నేలమీద కూర్చుని ఒక్కొక్క గీతా కాయితం మీదికి దించుకుంది. ఎంతసేపటికీ లేవదు. మధ్యలో ముసలావిడ తన పీటే తెచ్చి పక్కన పడేసి, "నేల చెమ్మగా ఉంది, దీనిమీద కూర్చో" అని విసుక్కుంది.

"మామ్మగారూ, మా యూనివర్సిటీలో ఇంత శ్రద్ధగా రాసినవాళ్ళు లేరండి."

"నిన్ను ఓడిద్దామని రాసేను."

"అందుకే నిజం రాసేరు" అంది సువార్త.

అప్పుడు చూసింది సువార్త, లోవమ్మ కాలిని మళ్ళీ, మొదటిసారి చూసినట్టుగా, వంటింటి కిటికీ వెలుగులో. వేళ్ళ సందులు తెల్లగా నాని ఉన్నాయి. బియ్యం నానేసిన గిన్నెలో రోజంతా ఉంచిన వేళ్ళలా.

"తుడుచుకోవట్లేదా పిన్నిగారూ?"

"అయ్యో, ప్రతిసారీ తుడుస్తానండి. తువ్వాలు లోపలికి దూరదు. వేళ్ళు లావు కదా."

సువార్త తువ్వాలు తెప్పించి తనే ప్రయత్నించింది. నిజమే. ముద్దగా అయిపోయి సందులోకి పోవట్లేదు. ఇన్నాళ్ళూ కడగమనీ తుడవమనీ చెప్పింది తప్ప, తుడవడం కుదురుతోందో లేదో ఒక్కసారి కూడా కూర్చుని చూడలేదు. నాలుగుసార్లు కడిగితే నాలుగుసార్లూ తడి లోపలే ఉండిపోతోంది. కడిగినకొద్దీ నానుతోంది, నానినకొద్దీ చిట్లుతోంది. దానికి తోడు వానాకాలం.

లోవమ్మ ఆలోచించింది. లేచి వెళ్ళి దూలం మీద ఆరేసిన గుడ్డల్లోంచి ఒకటి లాక్కొచ్చింది. రేకులు తీసీ తీసీ చిరుగులు పట్టి, ఇక పనికి రాదని పక్కన పడేసిన పాత గుడ్డ. ఉతికి ఉతికి గాలికంటే తేలికైపోయింది. దాన్ని సన్నటి పేలికలా చింపి, పొయ్యి సెగకి వెచ్చబెట్టి, కొస వేళ్ళ సందులో దూర్చి, రెండు కొసలూ పట్టుకుని ఇటూ అటూ లాగింది. కుండ మీద గుడ్డ లాగినట్టే. పేలిక తడిసి వచ్చింది. ఇంకో పొడి పేలిక పెట్టింది. అది పొడిగానే వచ్చింది.

"ఇలా చెయ్యొచ్చాండి?" అని అడిగింది.

సువార్త అప్పటికే పుస్తకం తీసి రాసుకుంటోంది.

"ఆ గుడ్డలు మళ్ళీ పిండి గిన్నెలో ముంచేవు గనక" అని పెద్దింట్లమ్మ వెనకనుంచి హెచ్చరించింది.

మిగతా ఊళ్ళకి కూడా సువార్త మళ్ళీ మొదటినుంచి తిరిగింది. ఈసారి వచ్చినప్పుడు కాలెండరు అడగలేదు. ఒక్కొక్కరికీ యూనివర్సిటీ చిరునామా అచ్చేసిన పోస్టుకార్డులు పన్నెండు ఇచ్చింది. పేరు రాయక్కర్లేదు, నెంబరు చాలు. నెలాఖరున జ్వరమెన్నిసార్లొస్తే అన్ని సున్నాలు చుట్టి డబ్బాలో పడెయ్యాలి. అవి తను చూడదట, ఇంకెవరో లెక్కపెడతారట.

"నా మొహం చూడకండి. పోస్టుడబ్బా మొహం చూసి రాయండి. అది నవ్వదు, ఏడవదు" అని మంగాయమ్మగారి గుమ్మంలో నిలబడి చెబుతుంటే, ఆవిడ సిగ్గుపడి తల దించుకుని, "ఆయ్, అలాగేనమ్మా" అన్నారు.

ఆ రెండువేల సంవత్సరంలో లోవమ్మ పన్నెండు కార్డులు వేసింది. మొత్తం మీద సున్నాలు రెండే. రెండూ నిజమే, మిగతా ఖాళీలూ నిజమే. కాలు తగ్గలేదు. తగ్గుతుందని సువార్త ఎప్పుడూ చెప్పలేదు కూడా. పెరగడం మాత్రం ఆగిపోయింది. ఇప్పటికీ కుండ ముందు కాలు మడుచుకుని కూర్చోగలుగుతోంది. రేకులోంచి చూస్తే ఇప్పటికీ అవతలివాళ్ళ మొహం కనిపిస్తోంది.

మరుసటేడు సువార్త తన పరిశోధన పుస్తకం తెచ్చి చూపించింది. నల్లట్ట, బంగారు రంగు అక్షరాలు, లోపలంతా ఇంగ్లీషు. ఒక పేజీలో మాత్రం బొమ్మ ఉంది. గోడ మీది గీతలు, నల్ల చుక్కలు, ఖాళీ చుక్కలు, ఉన్నవి ఉన్నట్టు. పెద్దింట్లమ్మ ఆ పేజీని కంటికి దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఇక్కడొక గీత తప్పేవు" అంది.

లెక్కపెడితే తప్పలేదు. ఆ రోజు పెద్దింట్లమ్మ సువార్తని పీట మీద కూర్చోబెట్టి, తన చేత్తో అన్నం వడ్డించింది. రెండేళ్ళ తరవాత ఆవిడ పోయింది. ఇంటికి వెల్ల వేయించినప్పుడు, తలుపు వెనక గోడ ఒక్కటీ వదిలెయ్యమని లోవమ్మ వెంకన్నకి చెప్పింది.

రెండువేల ఆరులో ఒక ఉదయం, ఆరోగ్య ఉపకేంద్రం నుంచి కొత్తగా వచ్చిన నర్సమ్మ లావణ్య బోదకాలున్న ఆడవాళ్ళందరినీ మంగాయమ్మగారి పెరట్లో కూర్చోబెట్టింది. చేతిలో బొమ్మల పుస్తకం. ఒక్కొక్క బొమ్మా చూపించి చెబుతోంది. కాలు సబ్బుతో కడుగుతున్న ఆడమనిషి. కాలు దిండు మీద పెట్టుకున్న ఆడమనిషి. మూడో బొమ్మలో వేళ్ళ సందులో సన్నటి గుడ్డపేలిక దూర్చి, రెండు కొసలూ పట్టుకుని లాగుతున్న రెండు చేతులు.

"ఇది చాలా ముఖ్యమండి. తువ్వాలుతో తుడిస్తే సరిపోదు. తడి లోపలుండిపోతుంది. పాత మెత్తటి గుడ్డ తీసుకుని ఇలాగ..."

మంగాయమ్మగారు లోవమ్మని మోచేత్తో పొడిచేరు. "నీ చేతులేనే."

"ఊరుకోండి" అంది లోవమ్మ. కళ్ళు మాత్రం ఆ బొమ్మ మీంచి తియ్యలేదు. అల్లవరంలోనూ అంతర్వేదిలోనూ మలికిపురంలోనూ ఎవరెవరో, పేరు తెలియని వాళ్ళు, పాత గుడ్డలు చింపుకుంటూ ఉంటారు ఈపాటికి. సువార్త తన కాలిని ఒళ్ళో పెట్టుకున్న ఆ మధ్యాహ్నం, ఎక్కడెక్కడికి వెళ్ళిపోయింది!

చివర్న లావణ్య రిజిష్టరు తీసి ఒక్కొక్కరినీ అడుగుతూ వచ్చింది. చిన్నపిల్ల, మొదటి ఉద్యోగం. ఈ వీధిలో ఎవరికీ జ్వరాలు రావట్లేదని పైవాళ్ళకి చెప్పుకోవాలని ఆశగా ఉన్నట్టుంది. జ్వరాలేవీ లేవని సున్నా వెయ్యడానికి పెన్ను ముందే ఆనించి పెట్టుకుంది.

"మీరు బాగా చేస్తారటగా పిన్నిగారూ. ఈ సంవత్సరం మీకు జ్వరమేమీ రాలేదు కదండీ?"

"వచ్చిందమ్మా. ఒకసారి. శ్రావణ శుద్ధ దశమి నాడు."

లావణ్య మొహం కాస్త చిన్నబోయింది.

"చిన్నదేనా? ఒక్కపూటా? రాయక్కర్లేదేమోనండి."

లోవమ్మ రిజిష్టరుని వేలితో మెల్లగా తన వైపు తిప్పుకుంది.

"రాసుకో తల్లీ" అంది. "ఒకటి అని వెయ్యి. నువ్వు వేసేదాకా చూసి వెళ్తాను."